అందరికీ ముందు నేనే!

ఇందుమూలంగా ఉప్పల్, నాచారం, పోచారం, ఘట్‌కేసర్ పరిసరాల్లోని లినక్స్ వాడకందార్లందరికీ తెలియజేయడమేమనగా: మీ మెషీన్‌లోకి ఏ కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినా, మీ హోమ్ డైరెక్టరీలోని బ్యాష్‌ఆర్‌సీ ఫైలులో ఒక ఎక్స్‌పోర్ట్ లైను రాసుకునే హక్కు దానికి కలదు. ఆ లైను ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని అడిగే హక్కు మీకు లేదు. దానివల్ల పాత సాఫ్ట్‌వేర్ పడిపోతే బాధ్యులు మీరే. కొత్తది లేవకపోయినా బాధ్యులు మీరే. ఖర్మకాలి రెండూ ఒకేసారి చక్కగా నడిస్తే ఆ ఘనత ఇన్‌స్టాలర్‌ది.

ఇలాంటి దండోరా ఎవరూ వేయించలేదు. వేయించకుండానే నలభై ఏళ్లకు పైగా తు.చ. తప్పకుండా అమలవుతోంది. సంతకం పెట్టి, సీలు వేసి, గెజిట్‌లో అచ్చు వేసిన జీవోలకు కూడా ఇంత భాగ్యం పట్టలేదు.

మన తూర్పు హైదరాబాద్‌కు కంప్యూటర్ కొత్తేమీ కాదు. ఈసీఐఎల్ తన టీడీసీ-12 కంప్యూటర్‌ను బయటికి తెచ్చింది 1969లో. ఉప్పల్ రోడ్డు మీద ఎన్‌జీఆర్‌ఐలో భూమి లోపలి సంగతులు, పక్కనే సీసీఎంబీలో జీవకణం లోపలి సంగతులు తవ్వితీస్తున్నారు. పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్ ఉంది. ఘట్‌కేసర్ చుట్టూ ఎటు నడిచినా ఒక ఇంజినీరింగ్ కాలేజీ గేటు తగులుతుంది. 2024 మార్చి 5న ఘట్‌కేసర్, లింగంపల్లి మధ్య ఎంఎంటీఎస్ రైలు కూడా వచ్చేసింది. ఇంత చదువు, ఇంత కొలువు, ఇంత రాకపోకలు ఉన్న ఈ దారి పొడుగునా ఎవర్ని ఆపి అడిగినా ఒక్క ప్రశ్నకు జవాబు దొరకదు: "బాబూ, నీ మెషీన్‌లో ఈ వేరియబుల్ ఎవరు పెట్టారు?"

సంగతి తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ షెల్ చదువుకునే ఫైలు బ్యాష్‌ఆర్‌సీ. అందులో ఎక్స్‌పోర్ట్ లైను పెట్టేది ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఇప్పుడు మనమెరిగిన రూపానికి వచ్చింది 1979లో, బెల్ ల్యాబ్స్ వారి యూనిక్స్ ఏడో వెర్షన్‌తో. ఒక పేరు, ఒక సమానం గుర్తు, ఒక విలువ. అంతే. ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ను నడిపించినప్పుడు తన దగ్గరున్న ఈ పేర్లూ విలువల మూటకు నకలు తీసి దాని చేతిలో పెడుతుంది. అది తన పిల్లకు, ఆ పిల్ల తన పిల్లకు. మూటలో ఏ వస్తువు మీదా సొంతదారు పేరుండదు, తేదీ ఉండదు, గడువు ఉండదు. ఫలానా ప్రోగ్రామే దీన్ని చదవాలన్న కట్టడి లేదు. చేతికందిన ప్రతివాడూ చదివి, తనకోసమే రాశారనుకుని, తోచిన అర్థం చెప్పుకోవచ్చు.

వీటన్నిటిలో పెద్దన్న పాత్. అందులో డైరెక్టరీల పేర్లు కోలన్లతో వరుసగా ఉంటాయి. మీరు పైథాన్ అని కొట్టగానే షెల్ ఎడమ చివర మొదలుపెట్టి వెతుక్కుంటూ పోయి, మొట్టమొదట కనిపించిన పైథాన్ చెయ్యి పట్టుకుంటుంది. వెనక ఇంకోటి ఉందా, అది కొత్తదా, మీకు కావాల్సింది అదేనా అన్నది దానికి అనవసరం. కాబట్టి ప్రతి ఇన్‌స్టాలర్ జీవిత లక్ష్యం ఒక్కటే: ఎడమ చివర చోటు.

ఉప్పల్ చౌరస్తాలో ఫ్లెక్సీలు చూసినవారికి మిగతాది విప్పి చెప్పనక్కర్లేదు. నిన్న పుట్టినరోజు జరుపుకున్న నాయకుడి ఫ్లెక్సీని విప్పే పని ఎవరూ పెట్టుకోరు. దాని ముందు ఇవాళ్టి నాయకుడిది కడతారు. రేపు దాని ముందు ఇంకొకరిది. వెనకున్న దారి బోర్డు మీద వరంగల్ ఎటో, ఎల్బీనగర్ ఎటో ఎవరికీ కనిపించదు. కట్టడానికి కార్యకర్తలు నిచ్చెనలతో వస్తారు, విప్పడానికి గాలివాన రావాలి. పాత్ వేరియబుల్ చరిత్ర అక్షరాలా ఇదే. తనను ముందు కట్టుకోవడం ప్రతి ఇన్‌స్టాలర్‌కూ వచ్చు. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే తన ఫోల్డర్లు తీసుకుపోతుందేమో గానీ, కట్టిన లైనును విప్పుకుపోయే మర్యాద చాలా వాటికి తెలియదు. ఇక్కడ మన గాలివాన పేరు ఫార్మాట్.

ఈ నాటకానికి మన దగ్గర శాశ్వత రంగస్థలం కంప్యూటర్ నెట్‌వర్క్స్ ల్యాబ్. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్-18 సిలబస్‌లో ఎన్‌ఎస్-2 సిమ్యులేటర్ ప్రయోగాలున్నాయి. దారిలో ఎన్ని ప్యాకెట్లు పోయాయి, రద్దీ వల్ల ఎన్ని పోయాయి అని లెక్క తేల్చాలి. ప్యాకెట్లు పోవడం తర్వాతి ముచ్చట, ముందు దాన్ని ఎక్కించేసరికి పిల్లల ప్రాణాలు పోతాయి. ఎన్‌ఎస్-2.35 వచ్చింది 2011 నవంబరులో. ఆ ఆల్-ఇన్-వన్ మూట విప్పి ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ నడిపితే చివర్లో శాసనం వెలువడుతుంది. ఓటీసీఎల్ డైరెక్టరీని, ప్రోగ్రాములు తమ లైబ్రరీలను వెతుక్కునే ఎల్‌డీ లైబ్రరీ పాత్‌లో పెట్టి తీరవలెను. టీసీఎల్ 8.5.10 లైబ్రరీ ఉన్న చోటును టీసీఎల్ లైబ్రరీ అనే వేరియబుల్‌లో పెట్టి తీరవలెను. "తీరవలెను" అన్నది పెద్దక్షరాల్లో. పెద్దక్షరాల్లో ఏం రాసినా మన ల్యాబుల్లో అది వేదవాక్కు.

ఆ శాసనానికి అనుగుణంగా తయారైన పది పన్నెండు లైన్ల అతుకు ఒకటి బ్యాచ్ నుంచి బ్యాచ్‌కు పెన్‌డ్రైవ్‌లో దిగుతూ వస్తోంది. అందులో "యువర్ పాత్" అని ఉన్నచోట ఎవరి డైరెక్టరీ పేరు వారు రాసుకోవాలని రాసినవాడి ఉద్దేశం. ఆ "యువర్ పాత్"నే రికార్డు పుస్తకంలోకి నీలం ఇంకుతో, ముత్యాల్లాంటి అక్షరాలతో, మార్జిన్ కొట్టి మరీ దించుతారు. కింద సంతకమూ పడుతుంది. ఇంకాస్త తెలివైన నకళ్లలో ఎవరో సీనియర్ హోమ్ డైరెక్టరీ పేరు ఉంటుంది. ఆ సీనియర్ ఈపాటికి ఎంఎస్ ముగించి, డాలస్‌లో ఇల్లు కొని, పిల్లల్ని మనబడికి పంపుతుంటాడు. ఇక్కడ జూనియర్ల కంప్యూటర్లు మాత్రం లేని ఆయన ఇంటి తలుపు రోజూ తడుతూనే ఉంటాయి. ఇంకో లైనులో ఎక్స్11ఆర్6 డైరెక్టరీ ఉంటుంది. ఇప్పటి ఉబుంటులో ఆ డైరెక్టరీయే లేదు. అయినా ఆ లైను తీసే ధైర్యం ఎవరికుంది? ఏమో, అందులోనే ఏదో మహిమ ఉందేమో!

ఆ మహిమ మర్నాడు ల్యాబులో బయటపడుతుంది.

"సార్, ఐడిల్ ఓపెన్ అయితలేదు."

"అస్సలే అయితలేదా?"

"మెనూలకెల్లి నొక్కితే అయితంది సార్. టెర్మినల్‌లకెల్లి అయితలేదు."

"నిన్న ఏం ఎక్కించినవ్‌రా?"

"ఎన్‌ఎస్-2 సార్."

"దానికి, పైథాన్‌కు ఏం సంబంధం? పైథాన్ తీసేసి మళ్లా ఎక్కియ్."

"ఎక్కించిన సార్. అయినా గట్లనే ఉంది."

"అయితే ఉబుంటునే మళ్లా ఎక్కియ్, పో."

సంబంధం ఉంది. పైథాన్ ఎడిటర్ ఐడిల్ తన కిటికీలు గీసుకునేది టీకింటర్‌తో, టీకింటర్ నిలబడింది టీసీఎల్ మీద. ఉబుంటు ఇచ్చిన పైథాన్ వాడేది టీసీఎల్ 8.6. అది లేస్తూనే "నా లైబ్రరీ ఎక్కడ?" అని చూసుకుంటుంది. టీసీఎల్ లైబ్రరీ వేరియబుల్ దాని చెయ్యి పట్టుకుని నేరుగా ఎన్‌ఎస్-2 మూటలోకి తీసుకుపోతుంది. అక్కడి ప్రారంభ ఫైలు మొదట్లోనే "సరిగ్గా 8.5.10 అయితేనే లోపలికి" అని అడ్డం నిలబడుతుంది. వచ్చింది 8.6. వెర్షన్ పొసగలేదని ఒక లైను ఎర్రర్ పడి ఐడిల్ చాప చుట్టేస్తుంది. మెనూలోంచి తెరిచినప్పుడు బ్యాష్‌ఆర్‌సీ చదివే అవసరం రాదు గనుక, అప్పుడు ఈ బాధ లేదు. ఆ పిల్లవాడు చెప్పిన ఆ ఒక్క ముక్కలోనే రోగం పేరు, దాని చిరునామా రెండూ ఉన్నాయి. వినే చెవి లేదు. ఉబుంటు మళ్లీ ఎక్కిస్తే జబ్బు నయమైపోతుంది, ఎందుకంటే బ్యాష్‌ఆర్‌సీ కూడా కొత్తదవుతుంది. సార్ వైద్యం ఫలించింది, రోగం పేరు సార్‌కూ తెలియదు. వచ్చే ల్యాబు నాటికి ఎన్‌ఎస్-2 మళ్లీ ఎక్కుతుంది, ఐడిల్ మళ్లీ పడుకుంటుంది.

అదే అతుకులో ఇంకో ఆణిముత్యం ఉంది. ఎల్‌డీ లైబ్రరీ పాత్ అంటే "దాని పాత విలువ, కోలన్, ఆ తర్వాత కొత్త డైరెక్టరీలు" అని లైను. కొత్త మెషీన్‌లో పాత విలువ ఏముంటుంది? శూన్యం. శూన్యం పక్కన కోలన్. కోలన్‌కు ముందు ఏమీ లేకపోతే దాన్ని "ప్రస్తుతం నువ్వు నిలబడ్డ డైరెక్టరీ" అని అర్థం చేసుకోవడం యూనిక్స్ ఆనవాయితీ. అంటే ఇకమీదట ఏ ప్రోగ్రామ్ నడిపినా దాని లైబ్రరీలను మొదట మీరున్న చోటే వెతుకుతుంది. ఎవరో పంపిన జిప్ ఫైలు విప్పిన ఫోల్డరులో నిలబడి ఉంటే, అందులోనే వెతుకుతుంది. అందులో పేరు సరిపోయే లైబ్రరీ ఎవడైనా పెట్టి ఉంటే మారుమాట లేకుండా నడిపేస్తుంది. సైబర్ సెక్యూరిటీ ఎలెక్టివ్‌లో నూటికి తొంభై తెచ్చుకున్న పిల్లవాడి బ్యాష్‌ఆర్‌సీలోనూ ఈ కోలన్ కులాసాగా కూర్చునే ఉంటుంది.

ఈ కోలన్ సంగతి బయటి ప్రపంచానికి తెలుసు. లినక్స్ మూల సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీని కంపైల్ చేయబోతే, ఎల్‌డీ లైబ్రరీ పాత్‌లో ప్రస్తుత డైరెక్టరీ ఉందేమో ముందే చూసుకుని, ఉంటే కదలనని మొరాయిస్తుంది. చిన్న పరికరాలకు లినక్స్ కట్టిపెట్టే బిల్డ్‌రూట్‌దీ అదే మాట. పైగా పాత్‌లో ఖాళీ స్పేసులున్నా అది ఒప్పుకోదు. మూడో ఏడు ఎన్‌ఎస్-2 అతికించినవాడు నాలుగో ఏడు ఎంబెడెడ్ ప్రాజెక్టు అంటూ బిల్డ్‌రూట్ దించుకుంటే, ఏడాది కిందటి ఆ కోలనే వచ్చి కాలికి తగులుతుంది. అప్పుడు వాడు గూగుల్‌ను అడుగుతాడు, చాట్‌బాట్‌ను అడుగుతాడు, గైడ్‌ను అడుగుతాడు. తన బ్యాష్‌ఆర్‌సీని మాత్రం అడగడు.

అసలు వినోదం ఇంకా చెప్పనేలేదు. ఉబుంటు రిపాజిటరీలో ఎన్‌ఎస్-2 ప్యాకేజీ ఏళ్ల తరబడి ఉంది. ఆప్ట్ ఇన్‌స్టాల్ అని ఒక్క లైను కొడితే వచ్చి కూర్చుంటుంది. ఒక్క వేరియబుల్ అక్కర్లేదు, పెద్దక్షరాల శాసనం లేదు, ఐడిల్‌కు ఏ హానీ లేదు. కానీ ఒక్క లైనుతో రికార్డు నిండుతుందా? ఎక్స్‌టర్నల్ వచ్చినప్పుడు ఏం చూపించాలి? అందుకని మూట దించడం, విప్పడం, కొత్త కంపైలర్‌కు నచ్చని ఒక లైనును దిద్దడం, అతుకు పెట్టడం వగైరా స్టెప్పులన్నీ యథావిధిగా జరుగుతాయి. చదువు పేరిట మనం నేర్పుతున్నది ప్యాకెట్లు ఎలా పోతాయో కాదు, ఓపిక ఎలా పోతుందో.

తర్వాతి అంకం బిగ్ డేటా ల్యాబు. ఇక్కడ శాసనం పేరు జావా హోమ్. పిల్లవాడు బ్యాష్‌ఆర్‌సీ చివర జావా హోమ్ రాస్తాడు, సోర్స్ చేస్తాడు, ఎకో కొట్టి చూస్తాడు. బంగారంలా విలువ కనిపిస్తుంది. హడూప్‌ను లేపితే "జావా హోమ్ పెట్టనేలేదు" అని మొహం మీదే అంటుంది. ఇద్దరిలో అబద్ధాలకోరు ఎవరు? ఇద్దరూ సత్యవంతులే. హడూప్ తన డీమన్లను ఎస్ఎస్‌హెచ్ ద్వారా లేపుతుంది. అలా వచ్చిన షెల్ ముందు కూర్చుని టైపు చేసే మనిషి ఎవరూ ఉండరు. ఉబుంటు ఇచ్చే బ్యాష్‌ఆర్‌సీ మొదటి లైన్లలోనే "ఎదురుగా మనిషి లేకపోతే ఇక్కడినుంచే వెనక్కి పో" అని రాసి ఉంటుంది. చివర రాసిన జావా హోమ్ దాకా అది చేరనే చేరదు. అందుకే హడూప్ తన ఎన్‌వీ ఫైలులో జావా హోమ్ రాయమంటుంది. ఈ ముక్క చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం ఏ టైమ్‌టేబుల్‌లోనూ లేదు. దాని బదులు "ఎందుకైనా మంచిది" అంటూ బ్యాష్‌ఆర్‌సీలో, ప్రొఫైల్‌లో, ఈటీసీ ఎన్విరాన్‌మెంట్‌లో, హడూప్ ఫైలులో అన్నిచోట్లా జావా హోమ్ రాయిస్తారు, ఒక్కోచోట ఒక్కో వెర్షన్‌కు. ఆ తర్వాత జావా వెర్షన్ అడిగితే పాత్‌లో ఉన్నది ఒకటి చెబుతుంది, నడిచేది ఇంకొకటి.

పక్కనే సుడో మహిమ. మామూలుగా నడిచిన కమాండు సుడో పెట్టగానే నడవదు. ఎందుకంటే సుడో పెద్దమనిషి. ఎవడి చేతి మూటలో ఏముందో నమ్మలేనని, గుమ్మం దగ్గరే మూట లాక్కుని, తన దగ్గరున్న శుభ్రమైన పాత్ ఇచ్చి లోపలికి పంపుతుంది. అది మన మేలుకోరి పెట్టిన కట్టుబాటు. మన పిల్లలకు మాత్రం దాన్ని తప్పించుకునే ఆప్షనే ముందు వస్తుంది. ఎందుకుందో నేర్పకుండా ఎలా దాటాలో నేర్పడంలో మన ల్యాబులకు సాటి లేదు.

అనకొండ ధోరణి వేరు. అది కనీసం అడుగుతుంది: ఇనిట్ చేయమంటావా, వద్దా? యూట్యూబ్ అన్న ఎస్ కొట్టమన్నాడు గనుక మనం ఎస్ కొడతాం. వెంటనే మీ బ్యాష్‌ఆర్‌సీలో తనకో బ్లాకు కట్టుకుని, "ఇందులో ఉన్నదంతా కోండా చూసుకుంటుంది" అని బోర్డు పెట్టేస్తుంది. ఇల్లు మీది, గోడ మీది, పట్టా వారిది. ఆనాటినుంచి టెర్మినల్ తెరవగానే బ్రాకెట్లలో బేస్ అని పలకరింపు. మీరు కోరింది ఒక నోట్‌బుక్ తెరవడం. వచ్చింది దాని పైథాన్, దాని ఓపెన్ఎస్ఎస్ఎల్, దాని లైబ్రరీలు. "పాత్‌లో ఏ పైథాన్ ముందుంటే దానితో నడుపు" అని మొదటి లైనులో రాసుకున్న ప్రతి స్క్రిప్టూ ఆ రోజునుంచి దాని పైథాన్‌కే దాసోహం. స్పార్క్ కథా ఇంతే. ఎప్పుడో రాసిన స్పార్క్ హోమ్ పాత వెర్షన్‌ను చూపిస్తుంటుంది. పిప్‌తో వచ్చిన కొత్త పైస్పార్క్ దాన్నే నమ్మి బోర్లా పడుతుంది. పడినప్పుడు ఇచ్చే ఎర్రర్‌లో స్పార్క్ హోమ్ ఊసే ఉండదు.

ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే అదే బ్లూ లైన్ తిన్నగా అమీర్‌పేటలో దించుతుంది. అక్కడ జిరాక్స్ మెటీరియల్‌లో ఒరాకిల్ హోమ్, ఒరాకిల్ ఎస్‌ఐడీ ఎక్స్‌పోర్ట్ చేయడం అక్షరాభ్యాసంతో సమానం. ఎస్‌ఐడీ పెట్టడం మరిచిపోయి డేటాబేస్‌లోకి వెళ్లబోతే, "నెట్ సర్వీస్ పేరు తప్పుగా ఇచ్చావు" అని ఓఆర్‌ఏ-12162 కొడుతుంది. నెట్ సర్వీస్ పేరు ఎవడిచ్చాడు మహాప్రభో! ఇంకా చిత్రం, అదే ఒరాకిల్ ఇన్‌స్టాలేషన్ గైడు, ఇదివరకే ఒరాకిల్ ఉన్న మెషీన్‌లో కొత్తది ఎక్కించే ముందు ఈ వేరియబుల్స్ అన్నీ తీసేయమంటుంది. పెట్టనిదే నడవదు, తీయనిదే ఎక్కదు. అత్తవారింట్లో కొత్తకోడలికి కూడా ఇన్ని ఆంక్షలుండవు.

పరిశోధకులకూ మినహాయింపు లేదు. భూకంప తరంగాల లెక్కలకు వాడే సైస్మిక్ యూనిక్స్ సీడబ్ల్యూపీ రూట్ అడుగుతుంది, శాక్ తన ఆక్స్ డైరెక్టరీ అడుగుతుంది. వాటి పేర్లు వాటికే ప్రత్యేకం గనుక ఇంకొకరి జోలికి పోవు. ఆ సంస్కారం మెచ్చుకోవాలి. గొడవంతా సొంత పేరు పెట్టుకోవడానికి బద్ధకించి, అందరి పేరు మీద స్థలం ఆక్రమించేవారితోనే. చిప్ డిజైన్ కంపెనీల్లో ఇంకో రకం చూడవచ్చు. లక్షలు పోసి కొన్న టూలు సెటప్ స్క్రిప్టు ఒకటి ఇస్తుంది. దాన్ని సోర్స్ చేయగానే టూలుతో వచ్చిన పాతకాలపు సీ++ లైబ్రరీ ఎల్‌డీ లైబ్రరీ పాత్‌లో ముందుకొస్తుంది. టూలు లేస్తుంది, అదే టెర్మినల్‌లో మిగతా ప్రోగ్రాములు "నాకు కావాల్సిన జీఎల్ఐబీసీఎక్స్ఎక్స్ వెర్షన్ లేదు" అంటూ ఒక్కొక్కటే కూలిపోతాయి. కొన్నది ఒక టూలు, అమ్ముకున్నది మొత్తం టెర్మినల్.

తెలుగువాళ్లం గనుక ఇంకో అవమానం కూడా లెక్కలో వేసుకోవాలి. లినక్స్‌లో తెలుగు లొకేల్ ఉంది, లాంగ్ వేరియబుల్‌లో పెట్టుకోవచ్చు. కానీ ఆటోకాన్ఫ్ తయారుచేసే ప్రతి కాన్ఫిగర్ స్క్రిప్టూ మొట్టమొదట చేసే పనుల్లో ఒకటి, మీ భాషను పక్కన పడేసి సీ లొకేల్‌కు మారిపోవడం. ఒక ప్రోగ్రామ్ ఇచ్చిన సందేశాన్ని ఇంకో ప్రోగ్రామ్ చదివి అర్థం చేసుకోవాలంటే, అక్షర క్రమం ఎక్కడైనా ఒకేలా ఉండాలంటే అది తప్పదట. సబబే. మన మాతృభాషను మెషీన్‌లో నింపాదిగా వాడుకోవచ్చు, సాఫ్ట్‌వేర్ ఎక్కేటప్పుడు మాత్రం నోరెత్తకూడదు. అదే కాన్ఫిగర్ స్క్రిప్టు సీడీపాత్ అనే ఇంకో వేరియబుల్‌ను కూడా చూడగానే విసిరేస్తుంది. అనుభవం మీద తెలిసొచ్చిన జాగ్రత్త అది.

ఇదంతా అమాయకంగా జరుగుతున్న తప్పేమీ కాదు. యూనిక్స్ పెద్దలకు ఎప్పుడో తెలుసు. గ్రెప్‌కు అలవాటు ఆప్షన్లు ఇచ్చుకోవడానికి గ్రెప్ ఆప్షన్స్ అనే వేరియబుల్ ఉండేది. ఒకరి సౌకర్యం కోసం పెట్టుకున్నది ఇంకొకరి స్క్రిప్టులను చెడగొడుతోందని 2014లో దానికి కాలం చెల్లిందని ప్రకటించారు. ఆ తర్వాత పూర్తిగా మానేశారు. అదే 2014 సెప్టెంబరులో బ్యాష్‌లోని షెల్‌షాక్ లోపం బయటపడింది. వేరియబుల్ రూపంలో వచ్చిన ఫంక్షన్‌ను చదువుకుంటూ, దాని తోకకు కట్టిన కమాండును కూడా బ్యాష్ నడిపేసేది. 1989 నాటి కోడులోంచి పాతికేళ్లు ఎవరికీ కనిపించకుండా వచ్చి ప్రపంచమంతటి సర్వర్లకు నిద్ర లేకుండా చేసింది. చేతికందిన మూటను నమ్మితే ఏమవుతుందో అంతకంటే పెద్ద పాఠం ఉండదు. మన సిలబస్‌లో ఆ పాఠం ఎక్కడుందో వెతికినవారికి దొరికితే చెప్పాలి.

మందులు లేవా అంటే, షాపు నిండా ఉన్నాయి. జాన్ ఫర్లానీ 1991లోనే మాడ్యూల్స్ పద్ధతి రాసి చూపించాడు. లోడ్ అంటే వేరియబుల్స్ పెడుతుంది, అన్‌లోడ్ అంటే పెట్టినవి పెట్టినట్టు తీసేస్తుంది. పెద్ద కంప్యూటర్ సెంటర్లు దాని మీదే బతుకుతున్నాయి. లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ పుస్తకం మొదట్లోనే పాఠకుడి మూటనంతా ఖాళీ చేయించి, హోమ్, టెర్మ్ వంటి రెండు మూడు మాత్రమే ఉంచి, అప్పుడు పని మొదలుపెట్టిస్తుంది. ఈల్కో డోల్‌స్ట్రా 2003లో మొదలుపెట్టిన నిక్స్, ప్రతి ప్యాకేజీనీ ఖాళీ మూటతోనే కడుతుంది. లైబ్రరీ ఎక్కడుందో ప్రోగ్రామ్ ఫైలులోనే రాసిపెట్టే ఆర్‌పాత్ సౌకర్యం ఏనాటినుంచో ఉంది. ఇవేవీ వద్దంటే, ఆ ఒక్క ప్రోగ్రామ్‌కు ఆ ఒక్కసారికి వేరియబుల్ ఇచ్చి నడిపే రెండు లైన్ల చిన్న స్క్రిప్టు చాలు. ఎన్‌ఎస్-2కు టీసీఎల్ 8.5.10 కావాలంటే ఎన్‌ఎస్-2కే ఇవ్వు. ఊరందరి చేతిలో ఎందుకు పెడతావు?

మందు ఇచ్చినా మనవాళ్లు దాన్ని ఎలా వాడతారో కూడా చూశాం. 2023లో డెబియన్ 12 వచ్చాక, సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌తో ఏదిపడితే అది ఎక్కించబోతే "ఇది వేరేవారి నిర్వహణలో ఉంది, నీకంటూ ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకో" అని ఆపడం మొదలైంది. మొండికేసేవారి కోసం ఒక ఆప్షన్ కూడా ఉంచారు. బుద్ధున్నవాడెవడూ వాడకూడదని దానికి "బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్" అని పేరు పెట్టారు. సిస్టమ్‌ను విరగ్గొడతానని నీ చేత్తో నువ్వే రాసివ్వాలి. మనవాళ్లు ఏం చేశారు? కాపీ చేశారు, పేస్ట్ చేశారు, ఎంటర్ కొట్టారు. ఇప్పుడది ల్యాబు మాన్యువల్‌లో ఒక స్టెప్పు. వచ్చే ఏడాది రికార్డులో దాన్నీ నీలం ఇంకుతో రాస్తారు.

కాబట్టి మూడు విన్నపాలు. సాఫ్ట్‌వేర్ రాసే పెద్దలారా, మీ ప్రోగ్రామ్‌కు ఏం కావాలో మీ ఫోల్డరులోనే దాచుకోండి. మా ఫైలులో రాయక తప్పకపోతే మీ పేరు, కారణం రాసి, పోయేటప్పుడు చెరిపి పొండి. కాలేజీ పెద్దలారా, నెట్‌వర్క్స్ ల్యాబు మొదటి రోజు ఎన్‌ఎస్-2 వద్దు. ఎన్‌వీ అని కొట్టించి, తెర మీద పడిన ప్రతి లైనూ ఎక్కడినుంచి వచ్చిందో పిల్లల చేత చెప్పించండి. ఆ ఒక్క రోజు చదువు నాలుగేళ్ల ఫార్మాట్లను ఆదా చేస్తుంది. ఇక వైవాలో "జావా హోమ్ సెట్ చేశావా?" అని అడగడం మానేసి "ఎవరికోసం సెట్ చేశావు, ఎక్కడ సెట్ చేశావు, అది ఇంకెవరెవరికి వెళ్తుంది?" అని అడగండి. జవాబు మీకు తెలియకపోతే ఆ ప్రశ్న పిల్లవాడినే అడగనివ్వండి.

విద్యార్థులారా, ఇవాళ ఇంటికి వెళ్లగానే మీ బ్యాష్‌ఆర్‌సీ తెరవండి. ప్రతి ఎక్స్‌పోర్ట్ లైనునూ నిలదీయండి. ఎందుకుందో మీరు చెప్పలేని లైను ముందు హ్యాష్ పెట్టండి. ఏదైనా ఆగిపోతే ఆ లైను ఎవరిదో ఆ రోజు తెలుస్తుంది. ఏదీ ఆగకపోతే ఇన్నాళ్లూ ఎవరికీ అక్కర్లేని లైనును మోశారన్నమాట.